ఎదురుపడని బేరము

మా తాతగారు కోయంబత్తూరు సీమలో ఒక చిన్న బట్టల అంగడి నడిపిరి. మా వారు ఆ ప్రాంతమునకు వలస వచ్చి ఎన్ని తరములైనదో మాకే సరిగా తెలియదు. ఇంట తెలుగు, వీధిలో తమిళము, చిట్టా పుస్తకములో రెండును కలిసిన భాష. ఆ అంగడిలో ఇనుప గజంబద్ద యొకటి యుండెడిది. ప్రతి గజమునకును తాతగారు బొటనవ్రేలి మందము బట్ట అదనముగా విడిచి కొలిచెడివారు. నష్టము గదా యని ఎవరైన అడిగినచో, "రేపు ఆ మనిషి వీధిలో ఎదురుపడతాడురా. అప్పుడు తలెత్తుకొని నడవాలా, పక్క సందులోకి తప్పుకోవాలా?" అనెడివారు. ఆయన ఎరిగిన అర్థశాస్త్రమంతయు ఆ మాటలోనే యున్నది.

మొన్నటి దీపావళికి మా మనుమనికి ఒక చొక్కా కొంటిమి. మెడపట్టీ లోపల కుట్టిన చిన్న గుడ్డపీలిక మీద 'బంగ్లాదేశ్‌లో తయారైనది' అని యున్నది. అక్షరములు కూడబలుకుకొని చదివి, "తాతయ్యా, దీన్ని కుట్టినవాళ్లు మనకి తెలుసా?" అని వాడు అడిగెను. తెలియదంటిని. వాడు ఆటకు పోయెను గాని ఆ ప్రశ్న నాతోనే మిగిలినది. ఆ చొక్కాలోని పత్తి ఏ నేలలో పండినదో, నూలు ఏ మిల్లులో వడికిరో, గుండీలు ఎచ్చటి నుండి వచ్చినవో నేనెరుగను. దానిని కుట్టిన మనిషి నాకు ఎన్నడును వీధిలో ఎదురుపడదు. మరి తాతగారి సూత్రము ఈ చొక్కాకు వర్తించునా? ఎదురుపడని వారి పట్ల మనకు ధర్మము కలదా? కలదేని, దానిని నెరవేర్చుట ఎట్లు?

నేడు ప్రపంచీకరణమును గూర్చి జరుగుచున్న వాదములలో రెండు పక్షములు గట్టిగా వినబడుచున్నవి. దేశముల ద్వారములు తెరచి వస్తువులను స్వేచ్ఛగా పోనిండు, అందరును బాగుపడుదురని ఒక పక్షము. ద్వారములు మూసికొని మనవారి పనిని మనము కాపాడుకొనవలెనని రెండవ పక్షము. ఉభయులును లెక్కలు చూపుదురు. ఆ లెక్కలలో సత్యము లేకపోలేదు. కాని తెరచుటయు మూయుటయు తమంతట తాము ధర్మములు కావనియు, తలుపు తీయుచున్నప్పుడు గాని వేయుచున్నప్పుడు గాని ఆ తలుపు క్రింద ఎవరి చేయి నలుగుచున్నదో చూచి, వారికి సమాధానము చెప్పగలుగుటయే ధర్మమనియు నా అభిప్రాయము. ఈ సంగతిని బట్టల వ్యాపారమును మాత్రమే పట్టుకొని పరిశీలింతము. అది మాకు తెలిసిన సరుకు. మన తెలుగు నేలకు ప్రపంచముతో తొలినాళ్ల నుండియు సంబంధము కలిగించిన సరుకు కూడ.

మొదట తెరువుమనువారి వాదము వినవలెను. 1817లో డేవిడ్ రికార్డో అను ఆంగ్లేయుడు తన గ్రంథములో ఒక లెక్క చూపెను. ఇంగ్లండులో కొంత బట్ట తయారగుటకు ఒక యేడు 100 మంది పని కావలెను. కొంత ద్రాక్షసారాయి తయారగుటకు 120 మంది పని. పోర్చుగల్‌లో అదే బట్టకు 90 మంది, అదే ద్రాక్షసారాయికి 80 మంది చాలుదురు. రెండింటను పోర్చుగల్‌దే పైచేయి. అట్లయిన పోర్చుగల్ ఇంగ్లండుతో బేరమాడనేల? లెక్క వేసి చూడుడు. ఎవరి పని వారు చేసికొన్నచో ఇంగ్లండునకు 220 మంది, పోర్చుగల్‌నకు 170 మంది కావలెను. ఇంగ్లండు బట్ట మాత్రమే రెండింతలు నేసి, పోర్చుగల్ సారాయి మాత్రమే రెండింతలు చేసి, సగము సగము మార్చుకొన్నచో 200 మంది, 160 మంది చాలుదురు. ఇంగ్లండునకు 20 మంది శ్రమయు, పోర్చుగల్‌నకు 10 మంది శ్రమయు మిగులును. బలహీనుడు సయితము బేరములో లాభపడగలడని చూపిన ఈ లెక్కను రెండువందల యేండ్లుగా ఎవరును కొట్టివేయలేకపోయిరి.

కాని ఆ మిగిలిన మనుష్యులు ఎవరు? లెక్కలో వారు 20, 10 అను అంకెలు. ఊరిలో వారు సంసారులు. పోర్చుగల్‌లో బట్ట నేసెడి చేతులు మరునాటి ఉదయమే ద్రాక్షతోట పని నేర్వలేవు. అమెరికాలో నార్త్ కరోలినా రాష్ట్రమున కన్నాపొలిస్ అను మిల్లు పట్టణము కలదు. తువ్వాళ్లు, దుప్పట్లు నేయుటకు అది పేరుపొందినది. 2003 జులై 30న అచ్చటి మిల్లులు మూతపడి, ఆ ప్రాంతమున నాలుగువేల మందికి పైగా ఒక్కనాడే పని పోగొట్టుకొనిరి. తాతలు, తండ్రులు ఆ మగ్గముల వద్దనే బ్రతికినవారు వారిలో ఎందరో. చవుకగా తువ్వాలు కొన్న అమెరికనులు కోట్లమంది. ఒక్కొక్కరికి మిగిలినది కొద్ది కాసులు. నష్టము మాత్రము ఒక ఊరి మీద మొత్తముగా పడినది. దేశమునకు కలిసివచ్చిన లాభములో నుండి ఆ ఊరికి తగినంత పంచవలెనన్న బుద్ధి లాభపడినవారికి పుట్టలేదు. రికార్డో లెక్క తప్పు కాదు; ఆ లెక్కలో పంపకము లేదు.

ఇంతమాత్రమున వాణిజ్యమే పాపమనుట అన్యాయము. గత నలువది సంవత్సరములలో చైనాలో దాదాపు 80 కోట్ల మంది కటిక దారిద్ర్యము నుండి బయటపడిరని ప్రపంచ బ్యాంకు లెక్క. దానికి కారణములు పెక్కు గలవు. సేద్యములో వచ్చిన మార్పులు, చదువు, ప్రభుత్వపు పట్టుదల. వాటిలో విదేశ వాణిజ్యమును ఒకటి. బంగ్లాదేశ్‌లో దుస్తుల పరిశ్రమను నమ్ముకొన్నవారు సుమారు 40 లక్షల మంది. వారిలో హెచ్చుమంది స్త్రీలు. పల్లెలో ఒకరి చేతి క్రింద బ్రతుకవలసిన పడుచు, పట్టణమునకు వచ్చి తన జీతము తాను లెక్కించుకొనుట చిన్న సంగతి కాదు. నా మనుమని చొక్కా కొనకుండుట వలన ఆమెకు మేలు జరుగునని చెప్పువారు ఆమెను అడిగి చెప్పుట లేదు.

అయినను ఆ దేశముననే 2013 ఏప్రిల్ 24 ఉదయమున ఏమి జరిగినదో మరువరాదు. ఢాకా సమీపమున సావర్‌లో రానా ప్లాజా అను ఎనిమిది అంతస్తుల కట్టడము కూలినది. దానిలో అయిదు దుస్తుల కర్మాగారములుండెను. ముందటి దినమే గోడలకు బీటలు కనబడినవి. క్రింది అంతస్తులలోని బ్యాంకును, అంగళ్లను మూసివేసిరి. పై అంతస్తులలో కుట్టుపని చేయువారిని మాత్రము మరునాడు పనిలోనికి రమ్మనిరి. 1,134 మంది మరణించిరి; రెండువేల అయిదువందల మందికి పైగా గాయపడిరి. శిథిలములలో ఐరోపా, అమెరికా కంపెనీల పేర్లు గల గుడ్డపీలికలు దొరకినవి. బీటలు చూచిన బ్యాంకువాడు తన గుమాస్తాలను ఇంటికి పంపెను. వారు అతనికి ఎదుటనున్నవారు. చొక్కాలకు గడువు పెట్టిన వర్తకుడు వేలమైళ్ల దూరమున నుండెను. అతనికి గోడ కనబడలేదు, మనిషియు కనబడలేదు. మా తాతగారి బొటనవ్రేలి బట్టను కాపాడిన వీధి ఆ బేరములో లేదు.

ఇక మూయుమనువారి వాదము. ఇదియు క్రొత్తది కాదు. దీనివలన దెబ్బతిన్నవారిలో మన నేతగాండ్రు మొదటి వరుసలో నున్నారు. 17వ శతాబ్దమున మచిలీపట్నము మొదలుగా మన కోరమండల తీరపు అద్దకపు బట్టలు ఇంగ్లండు స్త్రీలకు మోజు కలిగించినవి. లండను పట్టునేతగాండ్రు పని లేక ఆకలికి లోనైరి. వారు అల్లర్లు చేసిరి. 1719లో వీధులలో మన బట్ట కట్టిన స్త్రీల మీద పడి ఆ బట్టలు చించిరి. ఇంగ్లండు పార్లమెంటు 1700లో అద్దకపు బట్టల దిగుమతిని నిషేధించెను. 1721లో వాటిని ధరించుటయే నేరమనెను. లండను నేతగాని ఆకలి నిజమే. కాని ఆ చట్టము చేసినవారిలో ఒక్కడైనను కృష్ణా గోదావరీ తీరముల సాలెవాని మగ్గమేమగునని ఆలోచించినట్లు కనబడదు.

ఆ మీదట ఇంగ్లండులో యంత్రములు వచ్చి, అచ్చటి బట్ట చవుకపడినది. అప్పుడు ఆ దేశమే స్వేచ్ఛా వాణిజ్యము పరమధర్మమని లోకమునకు బోధింప నారంభించెను. 1896లో భారతదేశమునకు వచ్చు విదేశపు మిల్లు బట్టపై 3½ శాతము సుంకము వేయవలసి వచ్చినప్పుడు, లాంకషైరు మిల్లులకు నష్టము రాకుండుటకై భారతీయ మిల్లుల బట్టపైనను అదే 3½ శాతము పన్ను వేసిరి. ఆ పన్ను 1925 చివర వరకు సాగినది. తాను బలహీనుడుగా నున్నప్పుడు తలుపు మూసి, బలవంతుడైన పిమ్మట ఇతరుల తలుపును తెరపించుట—రెండును ఒక చేతి పనియే. ఆ చేతికి అడ్డు చెప్పువాడు లేకుండుటయే రెండింటను గల దోషము.

మూయుట యెల్ల అధర్మమా యని అడుగవచ్చును. మన జాతీయోద్యమము విదేశీ వస్త్రమును బహిష్కరించినది గదా! ఇక్కడ ఒక సంఘటన చెప్పవలెను. 1931లో రెండవ రౌండు టేబిలు సమావేశమునకు లండను వెళ్లిన గాంధీజీ, సెప్టెంబరు నెలలో లాంకషైరులోని డార్వెన్ పట్టణమునకు పోయెను. మన బహిష్కారము వలన అచ్చటి మిల్లులు దెబ్బతినియుండెను; పనిలేని కార్మికులు ఎందరో. ఆయన వారి నడుమనే బసచేసి, వారి కష్టము విని, అందుకు తన విచారము తెలిపెను. కాని బహిష్కారమును వదలుకొందునని మాత్రము చెప్పలేదు. భారతదేశపు పల్లెలలో పనిలేమి ఎంత పెద్దదో, రాట్నము ఎందులకో వారికి వివరించెను. మిల్లు స్త్రీలు ఆయన చుట్టును చేరి సంతోషధ్వానములు చేయుచున్న ఛాయాచిత్రము లోకప్రసిద్ధము.

గాంధీజీ తలుపు మూసిన మాట నిజము. అయితే ఆ తలుపు వలన నలిగిన చేతి వద్దకు తానే నడచి వెళ్లెను. తన నిర్ణయమును నష్టపడినవాని ముఖము చూచి చెప్పెను. 1721 నాటి పార్లమెంటునకును 1931 నాటి గాంధీజీకిని భేదము సుంకములో లేదు. ఈ ఎదురుపడుటలో నున్నది. ఎదురుపడినంత మాత్రమున ఆ కార్మికుల కడుపు నిండలేదని ఎవరైన అనవచ్చును. అదియు నిజమే. కాని ఎదురుపడవలెనని ముందే తెలిసినవాడు చేయు నిర్ణయము వేరు. ఎన్నడును ఎదురుపడనక్కరలేదని తెలిసినవాడు చేయు నిర్ణయము వేరు. మొదటివాడు అవసరమైనంతకంటె మించి కొట్టడు.

అందరును డార్వెన్ పోలేరు. బంగ్లాదేశ్ దర్జీకి నేను ఎదురుపడజాలను. ఇట్టి చోట మనుష్యులు ముఖమునకు బదులుగా కనిపెట్టిన సాధనమే కట్టుబాటు, అనగా అందరికిని ఒకటే యగు నియమము. దీనికి మన తెలుగు దేశముననే గొప్ప నిదర్శనము కలదు. నేటి బాపట్ల జిల్లాలోని మోటుపల్లి ఒకప్పుడు పెద్ద రేవు. 13వ శతాబ్దపు చివరను మార్కోపోలో దానిని గూర్చి వ్రాసి, అచ్చటి బట్ట సాలెగూటివలె పలుచనిదని మెచ్చుకొనెను. ఆ కాలమున తుపాను వలన ఓడ దారితప్పి తీరమునకు కొట్టుకొని వచ్చినచో, అందలి సరుకును రాజులు లాగుకొనుట వాడుక. ఓడ యజమాని పరదేశి. అతని వెనుక సైన్యము లేదు. అతనికి సమాధానము చెప్పనవసరము లేదు.

కాకతీయ గణపతిదేవుడు 1244–45 ప్రాంతమున అచ్చట ఒక స్తంభముపై అభయశాసనము చెక్కించెను. పూర్వపు రాజులు అట్టి ఓడల సరుకును బలవంతముగా హరించిరనియు, తాను మాత్రము నిర్ణీతమైన సుంకమును తప్ప మరేమియు గ్రహింపననియు అందు వ్రాయించెను. ఎగుమతి దిగుమతులకు సుంకము ముప్పదింట ఒక వంతు. తరువాత 1358లో కొండవీటి అనపోతారెడ్డి కాలమునను ఆ రేవులోనే వర్తకులకు అభయమిచ్చు శాసనము వెలసినది. రాజు దానగుణము వలన మాత్రమే ఇట్లు చేసెననుకొనుట అమాయకత్వము. నమ్మకము గల రేవునకు ఓడలు వచ్చును. ఓడలు వచ్చిన సుంకమును వచ్చును. కాని ఆ శాసనములో గ్రహింపవలసినది మరొకటి కలదు. బలవంతుడు తన చేతిని తానే కట్టుకొన్నాడు. కట్టుకొన్నానని పరదేశి చదువుకొనుటకు వీలుగా బహిరంగముగా రాతిపై వ్రాసినాడు. రేపు కోపము వచ్చిన చెరపుటకు వీలులేనట్లు వ్రాసినాడు.

మన కాలమున అట్టి రాతిస్తంభమును నిలుపుటకు ప్రయత్నము జరిగినది. 1947 అక్టోబరులో జెనీవాలో 23 దేశములు, వానిలో మన దేశమును ఒకటి, సుంకములను వాణిజ్యమును గూర్చిన ఒడంబడికపై సంతకము చేసినవి. 1995 జనవరి 1న దాని స్థానమున ప్రపంచ వాణిజ్య సంస్థ వచ్చినది. 2024 నాటికి దాని సభ్యదేశములు 166. అందులో లోపములు లేవని కాదు. బట్టల విషయముననే చూడుడు: ధనిక దేశములు స్వేచ్ఛా వాణిజ్యమును చెప్పుచునే, 1961 మొదలు 2004 చివర వరకు ఏదో యొక పేరున బీద దేశముల వస్త్రములకు కోటాలు పెట్టి నడిపినవి. అయినను ఆ కోటాలు 2005 జనవరి 1న తొలగుట కూడ ఆ సంస్థ నియమము వలననే జరిగినది. చిన్న దేశము పెద్ద దేశముపై ఫిర్యాదు చేసి గెలుచుటకు అవకాశము దానివలననే కలిగినది.

ఆ సంస్థలో తుది తీర్పు చెప్పవలసినది ఏడుగురు సభ్యుల అప్పీలు మండలి. ఒక్కొక్క తగవు వినుటకు ముగ్గురు కావలెను. ఖాళీలు భర్తీ కాకుండ అమెరికా అడ్డుపడగా 2019 డిసెంబరులో ఆ సంఖ్య ఒకటికి దిగినది. 2020 నవంబరు చివరను ఆ ఒక్కరి కాలమును ముగిసినది. అక్కడి నుండి ఓడిన దేశము ఎవరును లేని ఆ మండలికి అప్పీలు చేసి, తీర్పును తప్పించుకొను మార్గము ఏర్పడినది. మండలి తన హద్దు మీరినదని అమెరికా చెప్పిన ఆక్షేపణలో కొంత విషయము ఉండవచ్చును. కాని తీర్పు నచ్చలేదని న్యాయస్థానమునే ఖాళీ చేయుట, శాసనము నచ్చలేదని స్తంభమును పడగొట్టుట వంటిది. కొన్ని దేశములు 2020లో తమలో తాము వేరొక అప్పీలు ఏర్పాటు చేసికొన్నవి. అది అందరికిని వర్తించునది కాదు.

స్తంభము పడిన రేవులో ఏమగునో 2025లో చూచితిమి. ఆ యేడు ఏప్రిల్ 2న అమెరికా అధ్యక్షుడు భారత వస్తువులపై 26 శాతము అదనపు సుంకము ప్రకటించెను. వారము తిరుగకుండగనే దానిని నిలిపి 10 శాతము చేసెను. ఆగస్టు 7న 25 శాతము. ఆగస్టు 27న మరియొక 25 శాతము చేరి మొత్తము 50. రెండవ 25 శాతమునకు చెప్పిన కారణము మన దేశము రష్యా వద్ద చమురు కొనుట. మా సీమలోని తిరుప్పూరు అల్లిక దుస్తులకు ప్రసిద్ధి. ఒడిశా, బీహారుల నుండి వచ్చిన యువతీయువకులు వేలకొలదిగా అచ్చట కుట్టుపని చేయుదురు. ఆర్డరులు ఆగినవి, పంపిన సరుకునకు ధర తగ్గింపుమని ఉత్తరములు వచ్చినవి. బనియను కుట్టు పిల్లకును చమురు ఓడకును ఏమి సంబంధము? ఆమె చేయని పనికి ఆమె కూలి తగ్గినది.

ఇందులో కన్నాపొలిస్ వంటి ఊళ్ల బాధ కలిసియున్నదని మరువరాదు. పని పోయిన అమెరికా కార్మికుని గోడును ఇరువది యేండ్లు ఎవరును వినలేదు. ఆ కోపము ఓట్లయినది. ఆ ఓట్లు సుంకములయినవి. నిన్న లెక్కకు రాని మనిషి నేడు మరొక లెక్కకు రాని మనిషిపై దెబ్బ పడుటకు కారణమైనాడు. ద్వారములు తెరచినప్పుడు వచ్చిన లాభములో నుండి అతనికి క్రొత్త పని, పిల్లలకు చదువు, వైద్యము ఏర్పరచియుండినచో ఇంత కసి పుట్టెడిది కాదేమో. కనుక ప్రపంచ వాణిజ్యపు భవిష్యత్తు జెనీవాలో మాత్రమే లేదు. ప్రతి దేశమును తనలోపల ఓడిపోయిన వానికి ఏమి ఇచ్చుచున్నదను దానిలో కూడ నున్నది.

ఇంతవరకు రాజ్యముల ధర్మము చెప్పితిమి. కొనువాని ధర్మము, అమ్మువాని ధర్మము మిగిలినవి. మన సమాజమున వర్తకులు హెచ్చు గనుక ఒక సంగతి జ్ఞాపకము చేయుట అప్రస్తుతము కాదు. తత్త్వార్థసూత్రమున అచౌర్యవ్రతమునకు అయిదు అతిచారములు చెప్పబడినవి. దొంగకు ప్రోత్సాహమిచ్చుట, దొంగిలించి తెచ్చిన దానిని కొనుట, రాజ్యనియమమును దాటుట, తప్పుడు తూనికలు కొలతలు, నకిలీ సరుకు నమ్ముట. ఇందులో రెండవది మన ప్రశ్నకు నేరుగా తగులుచున్నది. దొంగతనము చేసినవాడు వేరు, కొన్నవాడు వేరు. అయినను కొన్నవానికి మచ్చ తప్పలేదు. సరుకు ఎట్లు వచ్చినదో నేనెరుగనను మాట చాలదని దీని భావము. బీటలు వారిన గోడల నడుమ ప్రాణభయముతో కుట్టించిన చొక్కాలో కొంత భాగము దొంగసొత్తు కాదా? దొంగిలించినది బట్ట కాదు. కుట్టిన మనిషి యొక్క భద్రత.

రానా ప్లాజా కూలిన మూడువారములలో కొన్ని విదేశీ కంపెనీలు కార్మిక సంఘములతో కలిసి ఒక ఒడంబడిక చేసికొన్నవి. తరువాత రెండువందలకు పైగా కంపెనీలు అందులో చేరినవి. కర్మాగారములను స్వతంత్ర ఇంజనీర్లు పరీక్షింపవలెను, ఫలితములు ప్రకటింపవలెను, మాట తప్పిన కంపెనీపై దావా వేయవచ్చును. ఒట్టి ప్రతిజ్ఞ కాక చట్టబద్ధమగుట దాని బలము. వందలకొలది కర్మాగారములలో స్తంభములు బలపరచి, మంటలకు తాళు తలుపులు పెట్టిరి. దీనివలన ప్రపంచ వాణిజ్యము ఆగిపోలేదు. బంగ్లాదేశ్ ఎగుమతులు నశింపలేదు.

ఇక్కడ బీద దేశముల ఆక్షేపణ ఒకటి కలదు; దానిని తోసివేయరాదు. కార్మికుల క్షేమము పేరు చెప్పి ధనిక దేశములు మన చవుక సరుకునకు అడ్డుగోడ కట్టునని మన దేశము చిరకాలముగా వాదించుచున్నది. 1996లో సింగపూరులో కూడిన వాణిజ్య మంత్రులు కార్మిక ప్రమాణములను అంతర్జాతీయ కార్మిక సంస్థకే విడిచి, వాటిని రక్షణ సుంకములకు సాకుగా వాడరాదనిరి. ఆ భయమునకు చరిత్రలో ఆధారము గలదని పైని చూచితిమి. కాని సాకును ఎట్లు గుర్తింపవలెను? కర్మాగారపు గోడ బాగుచేయుటకు ఖర్చులో పాలు పంచుకొనువాడు కార్మికుని క్షేమము కోరినవాడు. గోడ బాగులేదు గనుక సరుకు కొననని చెప్పి, మిగిలిన సంగతి పట్టనట్లు పోవువాడు తన క్షేమము కోరినవాడు. ఖర్చు ఎవరు భరించుచున్నారో చూచిన చాలును, నిజము తెలియును.

కనుక నాకు తోచినది ఇది. వాణిజ్యము సాగవలెను, దూరదేశములతోను సాగవలెను. దానికి మూడు కట్టుబాట్లుండవలెను. బలవంతుని చేతిని కూడ కట్టు నియమము, దానిని విచారించు న్యాయస్థానము మొదటిది. మార్పు వలన లాభపడినవారు నష్టపడినవారిని తమ ఖర్చుతో నిలబెట్టుట రెండవది. సరుకు వచ్చిన దారిని తెలిసికొనుట కొనువానికిని అమ్మువానికిని విధియగుట మూడవది. ఇవి మూడును వేరు వేరు కావు. ఎదురుపడని మనిషికి ఎదురుపడినట్లు మెలగుటకు ఇవి మూడు మార్గములు.

ఇందులో మనవంటివారు చేయగలది ఏమున్నదని కొందరు నిరుత్సాహపడుదురు. న్యాయస్థానమును నింపుట మన చేతిలో లేదు. కాని మన యువకులు ఎందరో నేడు ఎగుమతి దిగుమతుల వ్యాపారములలోను, పెద్ద అంగళ్లలోను, కంపెనీల కొనుగోలు శాఖలలోను ఉన్నారు. సరుకు బేరమాడునప్పుడు ధరయు గడువును అడిగిన తరువాత మూడవ ప్రశ్న ఒకటి అడుగుట వారికి సాధ్యము: ఈ ధరకు, ఈ గడువునకు అక్కడ పని ఎట్లు జరుగుచున్నది? ఆ ప్రశ్న అడిగినవానికి కొన్ని బేరములు తప్పిపోవును. మా తాతగారికిని బట్ట కొంత తరిగెడిది.

ఆ ఇనుప గజంబద్ద మా ఇంట ఇంకను ఉన్నది. మీటర్లు వచ్చిన తరువాత దానితో ఎవరికిని పని లేదు. మొన్న మనుమడు దానిని ఎత్తలేక ఎత్తి, ఇది ఎందుకని అడిగెను. తాతగారు బట్టను ఎట్లు కొలిచెడివారో, బొటనవ్రేలి మందము ఎందులకు విడిచెడివారో చెప్పితిని. వాడు కొంచెముసేపు ఆలోచించి, తన చొక్కా మెడపట్టీని వెనుకకు త్రిప్పి ఆ గుడ్డపీలికను మరల చదివెను.